ఒకటో నంబరు

ఆ సాయంత్రమే కౌంటీ షెరీఫ్ టాకెట్‌ను పూడ్చిపెట్టారు. రివాజు ప్రకారం సమాధి దగ్గర రేడియోలో ఆయన నంబరును మూడుసార్లు పిలిచారు. ఎవరూ పలకలేదు. "ఒకటో నంబరు డ్యూటీ ముగిసింది" అంది కంట్రోల్ రూమ్ నుంచి లోరీన్.

పంతొమ్మిదేళ్లుగా రెండో నంబరు ఆయన కింద పనిచేసే అండర్‌షెరీఫ్ డెల్మర్‌ది. ఈ రాత్రి నుంచి ఒకటి కూడా అతనిదే.

అతను వంతెన మీద కారాపి ఒంటరిగా కాఫీ తాగుతుంటే రేడియో గరగరలాడింది.

"ఒకటో నంబరు, ఎక్కడున్నారు సార్?"

అలవాటు కొద్దీ, ముసలాయన పలుకుతాడులే అని ఊరుకున్నాడు. లోరీన్ మళ్లీ పిలిచింది. మూడోసారి కూడా పిలిచాక గానీ ఆ పిలుపు తనకేనని తట్టలేదు. మూడింటికీ తాను పలకలేదన్న సంగతి ఆ వెంటనే తట్టింది. గభాలున మైకు అందుకున్నాడు.

మీట నొక్కకముందే రేడియోలో ఎవరో దగ్గారు. ఆ పొడిదగ్గు అతనికి పంతొమ్మిదేళ్లుగా తెలుసు.

"వంతెన మీదున్నానమ్మా."

లోరీన్ ఆ గొంతు గుర్తుపట్టింది. తర్వాత మెల్లగా అడిగింది. "మరి డెల్మర్ గారు?"

"నా పక్కనే ఉన్నాడు."

డెల్మర్ పక్క సీటు వైపు తల తిప్పలేదు.

"వాడి డ్యూటీ కూడా ముగిసిందని రాసుకో."