ముసలి ఇంజిన్

తండ్రి పోయాక మిగిలిన పాత కారుకు మెకానిక్ అయిన కొడుకు కొత్త ప్రాణం పోశాడు. లోపల రేసు కారు ఇంజిన్, కొత్త గేర్‌బాక్స్. పైన మాత్రం అదే రేకు, అవే గుండ్రటి దీపాలు.

రాత్రి ఖాళీ రోడ్డు మీద ఉరికించి షెడ్డుకు తెచ్చేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎలా పోయింది?"

"గాలే వెనకబడిందనుకో! ఆ ముసలి ఇంజిన్ వల్ల అయ్యేదా ఇది?"

"మామయ్య వింటే చెవి మెలేసేవారు. ఇక వచ్చి పడుకో," అంటూ ఆమె లోపలికి వెళ్లింది.

బండి దిగగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించి "అలిసిపోయావా?" అని అడగడం తండ్రి అలవాటు. కొడుకూ చెయ్యి ఆనించాడు. చల్లగా తగిలింది. మూత ఎత్తి కొత్త ఇంజిన్‌ను ముట్టుకున్నాడు. అదీ రాయిలా చల్లగానే ఉంది.

షెడ్డు మూల నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. కాలిన ఇనుము చల్లారేటప్పటి చప్పుడు. అక్కడ చెక్క దిమ్మల మీద, అతను పీకేసిన పాత ఇంజిన్ ఉంది. దానికి వైర్లు లేవు, చుక్క పెట్రోలు లేదు.

దగ్గరికి వెళ్లి అరచెయ్యి ఆనించాడు. చుర్రుమంది. అయినా చెయ్యి తీయలేదు.

"అలిసిపోయావా?" అన్నాడు మెల్లగా.

చప్పుడు ఆగింది. మరుక్షణం ఆ ఇంజిన్ రోషంగా గర్జించింది.