వానకు తడవకుండా

శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు చేరేసరికి పూలి చేతిసంచిని గుండెలకు అదుముకుంది.

సారపాక పక్క తండాలో పొద్దున కారెక్కింది మొదలు, ఆమె చెయ్యి ఆ సంచి మీదే ఉంది. అందులో కూతురు సరళ పాస్‌పోర్టు ఉంది. దారిలో ఏజెంటు తిరుపతి రెండుసార్లు అడిగాడు.

"ఇటియ్యి, నేను పట్టుకుంట."

"వద్దన్నా. నా దగ్గర్నే భద్రం."

బయల్దేరేముందు మొగుడు దస్రు గట్టిగా చెప్పాడు, "కాయితాలకు ఏమన్న ఐతే నిన్ను బతకనియ్య," అని. అన్నంత పనీ చేసే మనిషి. పిల్లను మస్కట్‌లో ఇంటిపనికి పంపుతానని తిరుపతికి మాటిచ్చేశాడు. ఇక ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు.

"లోపల ఎవరడిగినా ఊరు చూడనీకి పోతున్న అనాలె. పని మాట ఎత్తకు," తిరుపతి సరళకు నూరోసారి చెప్పాడు. సరళ తలూపింది. ఇరవై మూడేళ్ళొచ్చినా ఖమ్మం దాటి ఎరగని పిల్ల. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

అతను ట్రాలీ కోసం అటు వెళ్ళగానే పూలి పాస్‌పోర్టు తీసి కూతురి చేతిలో పెట్టింది. తెరిస్తే ఫొటో ఉన్న పేజీ తళతళా మెరిసింది.

"యాడీ, ఇదేంది?" సరళ తల్లిని గుసగుసగా అడిగింది.

"లామినేషన్ ఏపిచ్చిన బిడ్డా. వానకు తడవకుండ."

సరళకు ఇది కొత్త కాదు. ఆధార్, రేషన్ కార్డు, చివరికి చచ్చిపోయిన నాయనమ్మ ఓటరు కార్డు కూడా, ఆ ఇంట్లో ప్రతి కాగితానికీ ప్లాస్టిక్ తొడుగు పడాల్సిందే. గోదారి పొంగిన ఏడు ట్రంకుపెట్టెలోని కాగితాలన్నీ నాని ముద్దయిపోయాయి. అప్పట్నుంచీ పూలికి అదొక పిచ్చి.

గేటు దగ్గర జవాను టికెట్టు చూశాడు. ఫొటో చూశాడు. పిల్ల మొహం చూశాడు. లోపలికి పొమ్మన్నాడు. పూలి గుండె గుభేలుమంది.

అద్దాల వెనక జనంలో సరళ కనిపించకుండా పోయింది. పోయినేడు పక్కింటి సోని కూడా ఇట్లాగే వెళ్ళింది. ఆరు నెలలుగా ఫోన్ లేదు. అడిగితే అక్కడ సిగ్నల్ ఉండదంటాడు తిరుపతి.

అరగంటయింది. గంటయింది. పూలి తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఉలిక్కిపడి చూస్తోంది.

"ఎందుకట్ల భయపడతవ్? నేను పంపినోళ్ళను ఇంతవరకు ఒక్కసారి కూడ ఆపలె," తిరుపతి టీ తాగుతూ నవ్వాడు.

ఆ మాటతో పూలికి ముచ్చెమటలు పోశాయి. కొంగుతో మొహం తుడుచుకుంది. తండాలో ఉన్న దేవతలందరికీ మొక్కింది.

ఇంకో పావుగంటకు సరళ బ్యాగు ఈడ్చుకుంటూ, ఏడుస్తూ బయటికొచ్చింది.

"కౌంటర్ల మేడం పోనియ్యనన్నది. గిట్ల ప్లాస్టిక్ ఏస్తే పాస్‌పోర్ట్ చెల్లదంట. కాయితాలు మంచిగున్నయా లేవా చూసుకునుడు ఎక్కెటోళ్ళ బాధ్యతేనంట. టికెట్ గూడ పోయినట్టేనంట."

తిరుపతి టీ కప్పు నేలకేసి కొట్టాడు. "ఎవరేపిచ్చిండ్రు గిది?"

"నేనే అన్నా. తెల్వక..."

"బుద్ధి లేనిదానా! అడవిల పుట్టినోళ్ళకు పాస్‌పోర్ట్ ఇచ్చుడే తప్పు!" అంటూ దస్రుకు ఫోన్ కలిపాడు.

పూలి తల ఎత్తలేదు. ఇంటికెళ్తే దస్రు ఉన్నాడు. ఆమె కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మొన్న సారపాకలో జిరాక్స్ షాపు గణేష్, "వద్దమ్మా, పాస్‌పోర్ట్‌కు ఇది ఏస్తే ఫ్లైట్ ఎక్కనియ్యరు," అన్నప్పుడు, పూలి వెనక్కి తిరిగి ఎవరూ లేరని చూసుకుని, "గట్లనా, అయితే జల్దీ ఏసియ్యి బిడ్డా," అంది.