పేరు చెప్పని గొంతు

పిల్లలకు ఇంగ్లీషు చెప్పే పెట్టె ఇప్పుడు ఇంటింటికీ ఉంది. పోయినవాళ్ల గొంతుతో చెబితే పిల్లలు బుద్ధిగా వింటారని అందులో ఆ గొంతులే పెడుతున్నారు. మా ఇంట్లో పెట్టెకు నా భార్య సూరీడమ్మ గొంతు పెట్టారు. బతికుండగా ఆమెకు ఇంగ్లీషు ముక్క రాదు.

పాఠంలో ఇంట్లోవాళ్ల పేర్లే వస్తాయి. నేను అన్నం తింటుండగా మనవరాలు మోక్షిత పెట్టె తెరిచింది.

"అప్పన్న ఈట్స్ రైస్. చెప్పమ్మా," అంది సూరీడమ్మ.

నా చేతిలో ముద్ద జారిపోయింది. కాపురం చేసినన్నాళ్లూ ఆమె నోట నా పేరు రాలేదు. ఆసుపత్రిలో మొగుడి పేరడిగినా ఆగిపోయి, గడ్డంతో నావైపు చూపించేది.

"కట్టీయే. అది మీ నాన్నమ్మ కాదు," అన్నాను.

"రేపు పరీక్ష తాతా! వేరే గొంతు పెట్టీమంటావేటి? పెడితే నాన్నమ్మ గొంతు చెరిగిపోద్ది. మళ్లీ రాదు."

జారిన ముద్దను కంచం అంచుకు తోశాను.

"గొంతుంచు. నా పేరు తీసీ."

తీసేసింది. ఆ చోట ఇంకో పేరు పెట్టలేదు. పాఠం మళ్లీ మొదలైంది. పేరు రావలసిన చోట సూరీడమ్మ ఆగింది. పెట్టె వైపు నుంచి ఎవరో నన్ను గడ్డంతో చూపించినట్టయింది.

"ఈట్స్ రైస్," అంది మెల్లగా.

నేను ముద్ద కలుపుకున్నాను.