గుడ్లగూబ ఎవరు?

"ఆ గుడ్లగూబ కూడా నువ్వే కదా గార్నెట్? ఒప్పేసుకో" అని కాఫీ షాపులో కూర్చోగానే నిలదీసింది డార్లీన్.

డార్లీన్ విన్నిపెగ్ నగరపు బాల్కనీ పక్షుల ఆన్‌లైన్ గ్రూపుకి అడ్మిన్. పిట్టల కోసం గార్నెట్ తన మూడో అంతస్తు బాల్కనీలో వేలాడదీసిన గింజల డబ్బాని రోజూ దోచుకునే ఉడుత గురించి ఆ గ్రూపులో రాస్తుంటాడు. అతని పోస్టు పడిందో లేదో, 'గుడ్లగూబ' అనే పేరుతో కింద ఒక కదిలే జిఫ్ బొమ్మ ప్రత్యక్షం. ఉడుత డబ్బాతో సహా జారిపడిందని రాస్తే, మంచు మీద బోర్లాపడి లేచి, ఏమీ ఎరగనట్టు టోపీ సర్దుకునే పెద్దమనిషి! గ్రూపంతా పడీపడీ నవ్వేది.

"నేను కాదు తల్లీ!"

"మరి నువ్వు రాయబోయేది దానికెలా తెలుస్తోంది? ఎవరైనా పోస్టు చదివి, సరిపడే జిఫ్ వెతికి పెట్టడానికి కాస్తయినా టైం పట్టదూ? దొంగ పేరుతో నీకు నువ్వే చప్పట్లు కొట్టుకుంటున్నావని మిగతా అడ్మిన్ల గొడవ."

"నాకూ అదే అంతుచిక్కట్లేదు. ఎవరు నువ్వని దానికి మెసేజ్ కూడా పెట్టాను."

"ఏమంది?"

"కన్ను కొట్టే గుడ్లగూబ జిఫ్ పంపింది."

డార్లీన్‌కి నవ్వొచ్చినా ఆపుకుంది. "రేపు మీ ఇంటికొస్తా. నా కళ్ళ ముందే పోస్టు పెట్టు. జిఫ్ వచ్చిందా, సరే. రాలేదా, గ్రూపులోంచి తీసేస్తా. ఏమనుకోకు."

ఈ చలికాలమంతా గార్నెట్ మనుషులతో మాట్లాడింది ఆ గ్రూపులోనే. అయినా గ్రూపు పోతుందన్న భయం కన్నా, ఆ గుడ్లగూబ ఎవరో తెలుసుకోవాలన్న ఆత్రమే రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

మర్నాడు డార్లీన్ వచ్చేసరికి అతని గొంతు జలుబుతో పూర్తిగా పూడుకుపోయింది. కుర్చీ చూపించి, కంప్యూటర్ ముందు కూర్చుని టైపు చేశాడు: 'ఇవాళ ఉడుత పెళ్ళాన్ని కూడా వెంటబెట్టుకొచ్చింది.'

నొక్కాడు.

నవ్వులొచ్చాయి, హృదయాలొచ్చాయి. గుడ్లగూబ మాత్రం రాలేదు. ఇద్దరూ తెరకేసి చూస్తూ కూర్చున్నారు.

"నేను పక్కనుంటే రెండో ఖాతా తెరవలేవుగా, పాపం!" అని డార్లీన్ ఫోను తీసింది. "తీసేస్తున్నా గార్నెట్."

కాదన్నట్టు చేతులూపాడు గానీ నోట మాట పెగల్లేదు.

అంతలో ఎవరో తలుపు తట్టారు. పక్క వాటాలో ఉండే ఓదిల్! ఒక చేతిలో వేడి సూపు గిన్నె, రెండో చేతిలో ఫోను.

"ఏమండీ, గొంతు పోయిందా? టైపు చేస్తూ మీరు పైకి చదవకపోతే, గోడవతల నేను జిఫ్ ముందుగా వెతికిపెట్టుకునేదెలా?"