ముక్కు ఇంకాస్త వంకరగా

పక్క గదిలో లాఠీ దెబ్బ పడింది. దాని వెనకే కేక.

"అమ్మా! నేను కాదు సార్! నా పిల్లల మీద ఒట్టు, నేను కాదు!"

లోహపు తీగలు వంచి బొమ్మలు చేసే తీగల మాస్టారి చేతిలో కటింగ్ ప్లేయర్ ఒక్క క్షణం ఆగిపోయింది.

"మీ పని మీరు కానివ్వండి మాస్టారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్, చేతి రుమాలుతో మెడ తుడుచుకుంటూ. "వాడు వీళ్ల ఇంటికి రంగులేసిన పెయింటరు. పొద్దుటి నుంచి కుమ్ముతున్నాం, ఒప్పుకోడు. ఈవిడ ముఖం గుర్తుపడితే వాడి పని అయిపోయినట్టే."

ఈవిడంటే బల్లకు అవతల కూర్చున్న చూపులేనావిడ. మెడ మీద వేళ్ల అచ్చులు నల్లగా కమిలి ఉన్నాయి. నాలుగు రోజుల కిందట పట్టపగలు ఎవడో ఇంట్లో జొరబడి ఆవిడ భర్త తల పగలగొట్టాడు. అడ్డం వచ్చిన ఆవిడ గొంతు పిసికి, చచ్చిందనుకుని వదిలేసి పోయాడు. ఆవిడ చావలేదు.

ఆ ఎవడో మరెవరో కాదు, ఈ మాస్టారే.

ఆరు నెలలు కూర్చుని తను వంచిన తీగ గుర్రాన్ని చచ్చిన ఆ పెద్దమనిషి సొంత పనిగా చెప్పుకుని ప్రదర్శనకు పెట్టాడు. అదేమిటని అడగడానికి వెళ్లినవాడు అడగడం మానేసి కొట్టాడు. ఇదే ప్లేయర్‌తో, చెయ్యి నొప్పి పుట్టేదాకా. ఆ పెనుగులాటలో ఆవిడ చేతులు తన ముఖం మీద పడ్డాయా లేదా? నాలుగు రోజులుగా ఎంత తలుచుకున్నా మాస్టారికి గుర్తు రావడం లేదు.

"కాగితం మీద గీస్తే నాకేం తెలుస్తుంది సార్? తడిమి చూసుకునేలా తీగతో గీసేవాళ్లను పిలిపించండి," అని ఆవిడే అడిగిందట. ఊళ్లో ఆ పని వచ్చింది ఒక్కడికే. రానంటే అనుమానం. వస్తే తన ఉరితాడు తనే పేనుకోవాలి. పాపం, వచ్చాడు.

ముందు గుండ్రటి చట్రం. దాని మీద నుదురు, బుగ్గ ఎముకలు, ముక్కు. బల్ల మీద గాలిలో ఒక ముఖం లేచింది. ఆవిడ మెల్లగా తడిమింది. మాస్టారు ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు.

"ముక్కు ఇంకాస్త వంకరగా."

మాస్టారి ముక్కు తిన్నగా ఉంటుంది. పోయిన ప్రాణం లేచొచ్చింది.

"దవడ వెడల్పు చెయ్యండి," అందామె బొంగురు గొంతుతో.

మాస్టారిది కోల ముఖం. "ఎంత వెడల్పు చెయ్యమంటారమ్మా?" అన్నాడు, గొంతులో తేనె ఒలికిస్తూ.

"నోటితో చెబితే తెలిసేలా లేదు. మీ చేతులు ఇలా ఇవ్వండి."

ఆమె తన చేతులు మాస్టారి చేతుల మీద వేసింది. ఇద్దరూ కలిసి తీగ వంచారు. "అక్కడ కాదు, కింద. బొటనవేలితో గట్టిగా నొక్కండి. ఆఁ, అలాగే. ఇంకోసారి."

అవతల మళ్లీ దెబ్బ, మళ్లీ కేక. తెరిచి ఉన్న తలుపులోంచి పెయింటరు కనిపిస్తున్నాడు, పెదవి చిట్లి, ముక్కు ఒక పక్కకు వాచి. మాస్టారికి ధైర్యం ముదిరింది. చూసి చూసి ఆ ముక్కునే తీగలోకి దించేశాడు. ఆ మందపాటి పెదవి, ఆ చేట చెవులు కూడా. ఒకడు చచ్చాడు, ఇంకొకడు పోతే తనకేం? తన మెడ దక్కితే చాలు.

"అచ్చం వాడే!" ఇన్‌స్పెక్టర్ బల్ల మీద చరిచాడు. "ఈ ముఖమేనా అమ్మా? మీరు ఊఁ అనండి, ఈ పూటే వాడి ఎముకలు ఏరుకునేలా చేస్తాను."

ఆమె తీగ ముఖాన్ని పక్కకు నెట్టేసింది. మాస్టారి కుడిచేతిని మాత్రం వదల్లేదు. ఏళ్ల తరబడి తీగ లాగి లాగి బొటనవేలి లోపలి వైపు పడిన కాయ, దాని నడుమ గాడి. ఆ గాడిలో ఆమె గోరు కసిగా దిగింది. మాస్టారు విదిలించుకోబోయాడు. ఆమె రెండు చేతులతో పట్టుకుంది.

"ముఖం సంగతి నాకు తెలియదు సార్. వాడి ముఖం నేను తాకనే లేదు. నా గొంతు మీద పడింది ఈ బొటనవేలు."