వెలిసిపోని పసుపు

ఉన్ని మడత విప్పగానే అద్దకం పనివాడి మొహం మాడిపోయింది. లోపల పెట్టిన పసుపు గుడ్డ ఈసారి కూడా తెల్లగా పాలిపోయింది.

"పోయిందా నాన్నా?" మంచం మీద నుంచే అడిగింది కూతురు.

"పోయింది."

ఈ పరీక్ష అతను సొంతంగా కనిపెట్టిందే. ఎండ సోకితే పసుపు నిలవదు. అందుకని పసుపులో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద తను అద్దిన ఉన్ని కప్పి, పొద్దున్నే డాబా మీద పరిచేవాడు. సాయంత్రం రెంటినీ కలిపి మడిచి, కూతురి గదిలో పెట్టి, కాళ్లూ చేతులూ కడుక్కొచ్చి, ఆ పిల్ల కళ్లెదుటే విప్పేవాడు. పసుపు పచ్చగా ఉంటే ఎండ లోపలికి దిగనట్టు. ఇంతవరకు ఒక్కసారీ ఉన్న పాపాన పోలేదు.

కూతురికి ఎండ పడదు. పడదంటే మనలో కొందరికి వంకాయ పడకపోవడం లాంటిది కాదు. రవ్వంత ఎండ తగిలినా నిప్పంటుకున్నట్టు బొబ్బలేస్తాయి. ఆ పుండు ఓ పట్టాన మానదు. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకి లోకమంటే మూసిన కిటికీలు, ఒక మసక దీపం. మిల్లు రంగుల బట్ట కడితే ఆ రసాయనాలకి ఒళ్లంతా దద్దుర్లు. అందుకే తండ్రి వాటి జోలికి పోకుండా, దానిమ్మ తొక్కలు ఉడకబెట్టి, ఆ చిక్కటి కషాయంతో ఉన్ని మీద అచ్చులు వేస్తున్నాడు. ఆ వాసనకి పక్కింటి పిల్లి కాపురం ఎత్తేసిందని భార్య అందరికీ చెబుతుంటుంది. కూతుర్ని మాత్రం రంగుల గది గుమ్మం తొక్కనివ్వడు. ఏది పడుతుందో, ఏది పడదో ఎవరికి తెలుసు?

"ఇంకెంత ఉన్ని ఉంది?" అడిగింది భార్య.

"ఒక్క దుప్పటికి. మిల్లు మూసేశారు. ఇక దొరకదు."

"ఇదీ పోతే?"

కూతురే అందుకుంది. "పోతే ఏముందమ్మా, మంచి గుడ్లగూబని చూసి కట్టబెట్టండి. రాత్రిళ్లు షికారు తిప్పుతాడు."

తల్లి నవ్వబోయి మొహం తిప్పుకుంది.

"నాన్నా, మధ్యాహ్నం పూట నీడ కాళ్ల కిందికి వచ్చి ముడుచుకుంటుందన్నావ్. కోతలేగా?"

"కోతలు కాదే. నువ్వే చూద్దువుగాని."

ఆ మిగిలిన ఉన్ని తీసుకుని రంగుల గదిలోకి వెళ్లాడు.

ఆఖరి ఉన్ని మీద సందు లేకుండా అచ్చు మీద అచ్చు వేశాడు. ఆవిరి పట్టాడు. ఉతికాడు. ఆరాక, పసుపు గుడ్డ మీద కప్పి డాబా మీద పరిచాడు. ఆ రోజు ఎండ ఎలా కాసిందంటే, గోడ మీద వాలబోయిన కాకి కాళ్లు కాలి గాల్లోనే కూర్చుంది.

సాయంత్రం మడత తెచ్చి గదిలో పెట్టాడు. కాళ్లు కడుక్కోవడానికి వెళ్లినవాడు నీళ్ల తొట్టి దగ్గరే నిలబడిపోయాడు. విప్పాలంటే భయం.

"రా నాన్నా, ఏదైతే అదవుతుంది," కూతురు పిలిచింది. మెడదాకా రగ్గు కప్పుకుని కూర్చుని ఉంది.

విప్పాడు. దీపం దగ్గరికి తీసుకెళ్లాడు. పసుపు పచ్చగా ఉంది. అప్పుడే ముంచి తీసినంత పచ్చగా.

భార్య గోడకి చేరగిలబడి ఏడ్చింది. అతను ఆ గుడ్డని మొహానికి అదుముకున్నాడు.

"రేపు సాయంత్రం, ఎండ తగ్గాక కాసేపు..." అన్నాడు.

"సాయంత్రం నీడ పొడుగుంటుందని నువ్వేగా చెప్పావు. నాకు పొట్టిది కావాలి."

మర్నాడు సూర్యుడు నడినెత్తిన ఉండగా తలుపు తీశారు. తల నుంచి పాదాల దాకా దుప్పటి చుట్టుకుని కూతురు వాకిట్లోకి దిగింది. వంగి కాళ్ల కిందికి చూసుకుంది. అలా చూస్తూనే ఉండిపోయింది.

"కోతలు కాదు నాన్నా," అంది. "నిజంగానే పొట్టిది."

దాన్ని ముట్టుకోవాలని కాబోలు, చెయ్యి బయటికి చాపింది.

గభాలున ఆ చేతిని దుప్పట్లోకి తోయబోయిన తండ్రికి, ఏనాడూ రంగు ముట్టని ఆ వేళ్ల గోళ్ల సందుల్లో పసుపు కనిపించింది.