లారీ నుంచి దించేసిన మనిషి

ఆ రోజు గోవర్ధన్ ఇస్త్రీ బట్టలు వేసుకుని లారీ క్యాబిన్‌లో కూర్చున్నాడు. కూర్చోవడమంటే మామూలుగా కాదు, అప్పుడే మంత్రి అయిపోయినట్టు.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు బంద్.

నర్సింహులపేటలో అరుణ్ విగ్రహం పెడుతున్నారు. తెలంగాణ కోసం ఊరేగింపులో నడుస్తూ, తలకు దెబ్బ తగిలి చనిపోయిన పిల్లాడు.

"లారీ నిండ జనాన్ని తే. విగ్రహం మీది గుడ్డ నీతోనే తీపిస్తం" అని అక్కడి పెద్దమనిషి ఒకాయన గోవర్ధన్‌కు ఆశపెట్టాడు. గుడ్డ తీస్తే పేపర్లో ఫోటో. ఫోటో పడితే రేపు సర్పంచ్ కుర్చీ. ఇక ఆగుతాడా!

జనగామ దాటాక రోడ్డు పక్కన ఒక పెద్దావిడ చెయ్యెత్తింది.

"ఎక్కించుకో ఖలీల్, ఒక తలకాయ పెరుగుతది" అన్నాడు గోవర్ధన్ డ్రైవర్‌తో.

ఆవిడ దండం పెట్టి, మాట్లాడకుండా వెనక జనంలో సర్దుకుంది.

కొంతదూరం పోయాక డీజిల్ అడుగంటింది. బంకులు మూసి ఉంటాయని గోవర్ధన్ ఇంటి నుంచే డబ్బాలో డీజిల్ తెచ్చాడు. జనం కాళ్లు చాపుకోవడానికి కిందికి దిగారు. తనే గరాటు పెట్టి పోశాడు.

"అయింది, పోనీ! టైమైతంది!"

బండి కొంచెం దూరం పోయిందో లేదో, స్టీరింగ్ వెనక పసుపు లైటు వెలిగింది. ఖలీల్ లారీ ఆపేశాడు.

"ఇంజన్ లైటన్నా. డీజిల్ పోసినంకనే వెలిగింది. జర ఫిల్టర్ చూస్త."

"నీ ఫిల్టర్ పాడుగాను! కొత్త బండికి ఏం రోగం? ట్యాంకు కాడికి ఎవడన్న వచ్చిండా?"

వెనక జనంలోంచి కట్టమ్మ అనే ఆవిడ అరిచింది. "గీ ముసలామె వచ్చింది! మూత మీద చెయ్యి పెట్టంగ నేను జూసిన!"

"మూత పెట్టడం మర్చిపోయారు బాబూ, నేనే బిగించాను" అంది ఆవిడ కంగారుగా. "నేనూ ఆ సభకేనండీ. మా అబ్బాయి..."

అంతే. ఆ మాట తీరు వినగానే లారీ భగ్గుమంది.

"ఆంధ్రామె!"

"అబ్బాయంట! ఏందండీ, ఎట్లండీ!" ఒకడు వెక్కిరించాడు. అందరూ పగలబడి నవ్వారు.

"సినిమాలల్ల మా మాటను జూసి నవ్విండ్రు, సాలలేదా?" గోవర్ధన్ కిందికి దూకాడు. "ఇప్పుడు ట్యాంకుల చక్కెర పోస్తున్నరా? దిగు!"

"అయ్యో, నేనెందుకు పోస్తాను నాయనా! ఒక్కమాట వినండి, మా అబ్బాయి..."

"నీ అబ్బాయి కతలు మాకెందుకు? దిగుమన్ననా!"

రెక్క పట్టి లాగాడు. ఆవిడ మోకాళ్ల మీద పడింది. సంచి విసిరేశాడు. అందులోని అరటిపళ్లు రోడ్డు మీద దొర్లాయి. అన్నేళ్ల అవమానానికి బాకీ అంతా ఆ ఒక్క ఆడమనిషి దగ్గరే వసూలు చేసినంత సంబరం!

"పీడ వోయింది. ఇగ పోనీ!"

పీడ పోయిన సంగతి లైటుకు తెలియదు కదా. అది వెలుగుతూనే ఉంది. కాసేపటికి బండి గుంజడం మానేసి, దగ్గి దగ్గి ఆగిపోయింది.

ఈసారి ఖలీల్ ఎవరి మాటా వినలేదు. ఫిల్టర్ కింద బోల్టు వదులు చేశాడు. దోసిట్లోకి నీళ్లు కారాయి.

"జూసినవా! ముసల్ది నీళ్లు పోసింది!" అన్నాడు గోవర్ధన్.

ఖలీల్ క్యాబిన్‌లోంచి డబ్బా తెచ్చి, అడుగున మిగిలింది నేల మీద ఒంపాడు. అవీ నీళ్లే.

"ఈ డబ్బా దేనికి వాడుతరన్నా?"

గోవర్ధన్ గొంతు తగ్గింది. "పత్తికి మందు కొట్టెటప్పుడు... నీళ్లు తెస్తం."

"కడిగి ఎండబెట్టకనే డీజిల్ పోసిండ్రు. ఆమె తప్పేం లేదన్నా. వాపస్ పోయి ఎక్కించుకొద్దం. తొవ్వల ఒక్క బండి గూడ లేదు, పాపం."

"ఏమని ఎక్కించుకుంటవ్? తప్పు నాదే అని జనం ముంగట ఒప్పుకోవాల్నా? నా ఇజ్జత్ పోతది. నోరు మూసుకొని పోనీ!"

ఖలీల్ నీళ్లన్నీ వదిలించి బండి తీశాడు. లైటు ఆరిపోయింది.

నర్సింహులపేట చేరేసరికి జనం ఎండలో ఎదురుచూస్తున్నారు. విగ్రహం మీద గుడ్డ అలాగే ఉంది.

గోవర్ధన్ ప్రాణం లేచొచ్చింది. నా కోసమే ఆపారనుకుని గబగబా వేదిక ఎక్కాడు.

మైకు పట్టుకున్న సరళ అడ్డం వచ్చింది. "అన్నా, జర ఆగు. ఇంకొకామె రావాలె. గుడ్డ ఆమెనే తియ్యాలె."

"ఎవలామె? నాకు మాటిచ్చిండ్రు!"

"ఆమె వస్తదని మాకు రాత్రే తెలిసిందన్నా. యాడాది సంది ఇల్లు కదలలే. జనగామల బిడ్డ, అల్లుని కాడుండె. బస్సుల్లేవు, ఏదన్న లారీ ఎక్కి వస్తనన్నది. మీకు తొవ్వల కలిసిందా?"

గోవర్ధన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఎట్లుంటది... మనిషి?"

"మాట వింటె మన మనిషి కాదనుకుంటవు, గుంటూరు దిక్కు పుట్టింది గదా" అంది సరళ. "గా గుడ్డ కింద ఉన్నది ఆమె కొడుకే."